సున్న తప్పిన మాట

పొగ లోపలికి రాకుండా తలుపులూ కిటికీలూ మూసేశారు గాని, అప్పటికే లోపలికి వచ్చేసిన పొగను బయటకు పంపే ఉపాయం ఎవరికీ తోచలేదు. దీవిలోని ఆ ఊరు, బ్రూక్షాబాద్ వెనక కొండ మీద ఎండుగడ్డి అంటుకుంది. గడ్డి నుంచి తుప్పలకూ, తుప్పల నుంచి కూలిన మానులకూ పాకి, ఆరినట్టే ఆరి లోలోపల రగులుతూనే ఉంది. ఆ ఏడు చినుకు పడి ఎన్నాళ్లయిందో. ఫైరింజన్ రోడ్డు ఉన్నంత మేరా వెళ్లి ఆగిపోయింది. కిటికీలు వేసుకుని ఇళ్లలోనే ఉండమని మైకులో చెప్పి వెళ్లారు. మార్చి ఎండలో, రేకుల కప్పు కింద, కిటికీలు బిగించుకుని కూర్చోవడమంటే ఏమిటో ఆ మైకు పట్టుకున్నవాడికి తెలియదు పాపం.

ఇంట్లో ఉన్నది అత్త తులసమ్మ, కోడలు కావేరి. తులసమ్మ కొడుకు పృథ్వీ దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. ఆ వారం దక్షిణాన చివరి దీవిలో ఉన్న క్యాంప్‌బెల్ బే వైపు వెళ్లాడు. ఫోను తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. కావేరి టెక్కలి దగ్గరి పిల్ల, పెళ్లై దీవికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. తులసమ్మ ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగెంత ధాటిగా మాట్లాడుతుందో హిందీ అంతకంటే ధాటిగా మాట్లాడుతుంది. "నీ హిందీ వింటే వీధి కుక్కలు కూడా ఆగి సూస్తాయే" అని కోడల్ని ఆటపట్టించని రోజు లేదు. కావేరి తల వంచుకుని నవ్వేసేది. లోపల మాత్రం... ఆ మాట ఎన్నిసార్లు గుచ్చుకుందో ఆమెకే తెలుసు. నడిమధ్య ఇంత సముద్రం ఉన్నప్పుడు, అలిగి పుట్టింటికి వెళ్లే సుఖం కూడా ఆడపిల్లకు ఉండదు కదా.

ఆ మధ్యాహ్నం, తాగడానికి దాచుకున్న నీళ్లలోంచే కాసిని తీసి గుడ్డలు తడిపి తలుపు సందుల్లో కుక్కుతున్న కావేరికి, దవడ పట్టుకుని కూర్చున్న అత్త కనిపించింది. మొహమంతా చెమట.

"ఏటత్తా, పన్ను నొప్పా?"

"గ్యాసే. కాసింత జీలకర్ర నీళ్లు తాగితే పోతాది. నువ్వు చుప్‌చాప్ నీ పని సూసుకో."

"పొగ వల్లేమో అత్తా..."

"పొగైతే దగ్గు రావాలి కదే. నాకు దగ్గుందేటి?"

దగ్గు నిజంగానే లేదు. దగ్గుతున్నది కావేరి. అంచేత పొగ బాధ కోడలిదనీ, అత్తది ఒట్టి గ్యాసనీ ఇద్దరూ సమాధానపడ్డారు. తులసమ్మకు ఎప్పటినుంచో బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటోంది, అదొక లెక్కలోకే రాలేదు. కానీ వంటింటి గుమ్మం దాకా నడిచి, గోడ పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్న అత్తను చూసేసరికి కావేరి చేతిలోని తడిగుడ్డ అక్కడే పడేసి పరిగెత్తింది. ఆమెను కూర్చోబెట్టి, వాళ్లెప్పుడూ పిలిచే ఆటో రామ్‌ప్రసాద్‌కు ఫోన్ చేసింది. అతడికి తెలుగు ముక్క రాదు. తనకొచ్చిన హిందీనే కూడగట్టుకుంది.

"భయ్యా, సాస్ ఖరాబ్. బహుత్ ఖరాబ్. ఘర్ మే నహీ రహ్ సక్తే. ఆటో లావో."

అతడు తండ్రి బుద్ధి చెప్పినట్టుగా, "ఘర్ కా ఝగడా ఘర్ మే హీ అచ్ఛా, బేటీ" అని ఫోన్ పెట్టేశాడు. ఇంటి గొడవ ఇంట్లోనే చూసుకోమన్నాడని కావేరికి తెలియలేదు. రానంటున్నాడని మాత్రం అర్థమైంది.

హిందీలో ఊపిరిని సాంస్ అంటారు, ముక్కుతో. అత్తను సాస్ అంటారు. రెండింటికీ తేడా ఒక్క సున్న. ఆ సున్న కావేరి నోట ఏనాడూ పలకలేదు. ఊపిరి బాగోలేదు, ఇంట్లో ఉండలేం అని ఆమె మొత్తుకుంటే, గోడవారన కూర్చున్న తులసమ్మ చెవిన పడింది వేరు. అత్త చెడ్డది... చాలా చెడ్డది... ఈ ఇంట్లో ఉండలేం...

తులసమ్మ మొగుడు పోయాక ఇళ్లలో పాచిపని చేసి కొడుకును చదివించిన మనిషి. కోడలు వచ్చినప్పుడు, తనకున్న ఒక్క పట్టుచీర, పెళ్లినాటిది, తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. నోటి దురుసే గాని మనసులో ఏముంది? అలాంటిది, ఆటోవాడికి చెప్పుకునేంత చెడ్డదైపోయిందా తను? గుండెలో మెలిపెడుతున్న నొప్పి కంటే ఈ నొప్పి పెద్దదైపోయింది. లేచి, గోడలు పట్టుకుని తన గదిలోకి వెళ్లి, తలుపు వేసి పైగడియ బిగించింది.

"అత్తా, తలుపు తియ్యి. లోపల గాలాడదు."

తలుపు కదల్లేదు. పృథ్వీకి ఫోన్ చేస్తే తగల్లేదు. రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. పొగలో ఎదురిల్లు కూడా ఆనడం లేదు. బయటికి పోయే వీల్లేదు, లోపల ఉండే వీల్లేదు. కావేరి తలుపుకు తల ఆనించి ఏడ్చేసింది.

"నానేటి తప్పు సేసానో సెప్పత్తా... తిట్టయినా తిట్టు."

లోపల నుంచి తెగిపోతున్న గొంతు వినిపించింది. "మీ ఊరు ఎల్లిపో. ఖరాబ్ అత్త దగ్గర నీకెందుకు తక్లీఫ్? రామ్‌ప్రసాద్‌కి సెప్పుకున్నావు కదే, సాస్ ఖరాబ్ అని. నేను సెవిటిదాన్నేటి?"

"అవును, అన్నాను. సాస్ బాగా పాడైపోనాది, ఆటో తెమ్మన్నాను. నీ ఊపిరి సూసే కదత్తా..."

"ఊపిరా?"

"మరి సాస్ అంటే ఊపిరి కాదేటి?"

లోపల చిన్న నవ్వు మొదలై, మూలుగై ఆగిపోయింది. తర్వాత, ఎప్పుడూ వినని మెత్తని గొంతుతో, "గుంటా... గడియ అందడం లేదే. సెయ్యి లేవడం లేదు" అంది తులసమ్మ.

గిన్నె చప్పుడైతే అత్త ఏమంటుందోనని భయపడే కావేరి, కొబ్బరికాయలు ఒలిచే గునపం తెచ్చి ఆ తలుపు సందులో దూర్చింది. దగ్గుతూ, ఏడుస్తూ, బలమంతా పెట్టి నొక్కింది. పాత చెక్క పెళపెళా విరిగింది. మంచం పక్కన నేల మీద ఒరిగిపోయి ఉన్న అత్త తలను ఒళ్లోకి తీసుకుని మళ్లీ రామ్‌ప్రసాద్‌కే ఫోన్ చేసింది.

"భయ్యా... మా మర్ రహీ హై."

అమ్మ చచ్చిపోతోంది. ఆ మాటను ముక్కుతో పలికినా, పలక్కపోయినా అర్థం ఒకటే. అతడు ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని, పట్టపగలే లైటు వేసుకుని వచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పిందంతా నర్సు శ్రీలక్ష్మి తెలుగులో విడమరిచి చెప్పింది. గుండెకు రక్తం పోయే నాళం మూసుకుపోయిందట. పొగలో కంటికి ఆనని నుసి ఉంటుంది. అందులో మరీ సన్ననిది ఊపిరితిత్తులు దాటి రక్తంలోకి చేరుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డకడుతుంది.

"దగ్గయినా రాలేదు కదమ్మా" అంది కావేరి.

"దగ్గు రావాలనేం లేదు దీదీ. బీపీ ఉన్నోళ్లకి దగ్గు లేకుండానే గుండె మీద పడతాది. ప్రాణానికి ఫర్వాలేదు గాని, గుండెలో కొంత భాగం ఇంక మునుపటిలా పనిచెయ్యదు. మళ్లీ పొగ తగలనివ్వకండి."

తగలనివ్వకండి... ఎలా? కొండ ఇంకా రగులుతూనే ఉంది. గాలి ఎటు వీస్తే పొగ అటే. ఓడ ఎక్కించే స్థితిలో తులసమ్మ లేదు. టెక్కలి నుంచి కావేరి అన్న ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్తానన్నాడు. మంచం మీద నుంచే తులసమ్మ విని, "ఎల్లిపోవే. నువ్వైనా ఈ పొగలోంచి బయటపడు" అంది.

"నువ్వు ఓడెక్కగలిగిన్నాడు ఇద్దరం ఎల్దాం" అంది కావేరి, అత్త కాళ్ల మీద దుప్పటి సర్దుతూ.

తులసమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమె ఏడుస్తోందని భుజాలు చెప్పేశాయి.

ఆసుపత్రి నుంచి మళ్లీ ఆ ఇంటికే వచ్చారు. వేరే ఇల్లు లేదు మరి. మళ్లీ అవే మూసిన కిటికీలు, అవే తడిగుడ్డలు. ఓడ దిగి వచ్చిన పృథ్వీ తల్లి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చివరికి లేచి, విరిగి వేలాడుతున్న తలుపును చూసి, రేపే వడ్రంగిని పిలిచి కొత్తది పెట్టిస్తానన్నాడు.

"వద్దురా" అంది తులసమ్మ. "నాకు ఊపిరాడతన్నాదో లేదో, కావేరి పడుకున్న కాడి నుంచి దానికి కనబడాల."