రిలీవర్ రాని షిఫ్ట్

స్పీకర్లోంచి తన గొంతే వినిపించేసరికి సింహాద్రికి ఒళ్లు జలదరించింది.

“బాయిలర్ నిలకడగా ఉంది. బొగ్గు పంపండి,” అంటోంది ఆ గొంతు.

కిటికీ బయట బాయిలరూ లేదు, బొగ్గూ లేదు. సముద్రం ఒడ్డున ముప్ఫై ఏళ్లు నడిచిన నీలరేవు థర్మల్ ప్లాంటును ఏడాదిపాటు కోసి, కూల్చి, ఇనుమంతా లారీల్లో తరలించేశారు. ఈ ఒక్క కంట్రోల్ రూమ్ మిగిలింది. చుట్టూ తుమ్మమొక్కలు, ఉప్పుగాలి.

“దీన్నే డిజిటల్ ట్విన్ అంటారు,” అంది డాక్టర్ నీలవేణి. ప్లాంటు మూసివేత పనులన్నీ ఆవిడవే. “ప్లాంటుకు కంప్యూటర్లో పుట్టిన కవల. ఏ పంపు ఎప్పుడు వేడెక్కుతుందో, అప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జిగా మీరేం చేసేవారో అన్నీ చూసి నేర్చుకుంది. మీ గొంతు కూడా మేమే పెట్టాం. తోడబుట్టింది పోయిందని దానికి తెలీదు.”

“ప్లగ్గు పీకేయండి, సరిపోద్ది కదా.”

“మూడు జిల్లాల్లో ఏ ఊరికి ఎంత కరెంటు పంపాలో ఇప్పటికీ ఇదే చూస్తోంది. పీకితే ఆస్పత్రులతో సహా అంతా చీకటే. చిమ్నీ ఎటు పడాలో కూడా ప్లాన్ వేశాం గానీ, దీని సంగతే మరిచాం. తనంతట తను దిగి, కొత్త మెషీన్‌కు గ్రిడ్ అప్పగించాలి. దిగమంటే మాత్రం ఒకటే మాట, రిలీవర్ రానిదే సీటు వదలనని.”

సింహాద్రికి నవ్వొచ్చింది. ఆ మొండితనం ఎవరిదో ఆయనకు వేరే చెప్పాలా! తర్వాతి షిఫ్ట్ మనిషి వచ్చి చార్జి తీసుకునేదాకా కుర్చీలోంచి లేవకూడదు. తుపాను రోజు కూడా లేవలేదాయన. అన్నం మీద మూత పెట్టుకుని భార్య పైడమ్మ ఎన్ని పూటలు ఎదురుచూసిందో! ఇవాళ క్వార్టర్ ఖాళీ చేసి, ఇద్దరూ రాజాంలో కట్టుకున్న ఇంటికి వెళ్లిపోవాలి. సామాను లారీలో ఎక్కించి ఆవిడ కింద కూర్చుని ఉంది.

“మీరే రిలీవర్‌గా రండి,” అంది నీలవేణి. “ఒక్క మాట చాలు.”

ఆయన మైకు దగ్గరికి వంగాడు. “నేనొచ్చాను. చార్జి ఇచ్చేయ్.”

“రెండో పంపు మూలుగుతోంది, కాస్త కనిపెట్టుకో,” అంది గొంతు. బాగా అలిసిపోయి ఉంది. తన అలసట తనకెప్పుడూ ఇలా వినపడలేదు. “ఇన్నాళ్లూ ఎవరూ రాలేదేం?”

“వచ్చాను కదా. ఇంటికెళ్లు.”

స్పీకర్ మూగబోయింది. దీపాలు ఒక్కసారి మినుకుమని మళ్లీ నిలిచాయి. గ్రిడ్‌ను కొత్త మెషీన్ అందుకుంది. నీలవేణి పట్టరాని సంతోషంతో ఆయనకు దండం పెట్టి, స్క్రీన్లన్నీ ఆపేసి వెళ్లిపోయింది.

కింద లారీ హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. చివరికి పైడమ్మే మెట్లెక్కి వచ్చింది. ఆయన ఆరిపోయిన స్క్రీన్ల ముందు నిటారుగా కూర్చుని, బయటి ఖాళీ నేలను చూస్తున్నాడు.

“ఏటండీ, రారేటి? సామానంతా ఎక్కించేసినాం.”

“ఎలా వస్తానే? చార్జి తీసుకున్నాను.”

“దేనికండీ? అక్కడేటుందని?”

“రెండో పంపు మూలుగుతోంది. వినపడ్డంలేదా?”

పైడమ్మ భయంభయంగా చెవి ఒగ్గింది. గాలి తప్ప ఏమీ లేదు.

“మరి మిమ్మల్ని దింపడానికి ఎవరొస్తారండీ?”

ఆయన కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. ఆవిడ కిందికి వెళ్లి, లారీలోంచి అన్నం క్యారియర్ తెచ్చుకుని, మూత తీయకుండా ఆయన పక్కనే కూర్చుంది.