ఇద్దరికి మాటిచ్చిన సీసా

పొద్దున్నే కూతురు హాల్లో బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, ముడతలు పోయేదాకా అరచేత్తో సాపు చేస్తోంది. తల్లి వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పెళ్లికొడుకు వస్తున్నాడా ఏంటే, ఇంత హడావుడి?"

"పెళ్లికొడుకైతే ఇంత శ్రమ పడనులే. వేలం సంస్థ ఆయన వస్తున్నాడు. తెల్లగుడ్డ మీద పెడితే వైన్ రంగు బాగా తెలుస్తుందట. నువ్వు మాత్రం మధ్యలో మాట్లాడకమ్మా."

"నేనేం మాట్లాడతాను? నాకేం తెలుసని?" అంది తల్లి. కాఫీ గిన్నె దించింది కానీ, గ్లాసుల్లో పోయడం మరిచిపోయింది.

తండ్రి ఓ పెద్ద హోటల్లో వైన్ సీసాలుండే నేలమాళిగను చూసుకునేవాడు. పెళ్లయిన ఏడాదే పండిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ సీసా ఒకటి, పనివాళ్లకిచ్చే తగ్గింపు ధరకు కొనుక్కున్నాడు. ఇంట్లో మెట్ల కింది చీకటి అరలో పడుకోబెట్టాడు. ఏళ్లు గడిచేకొద్దీ అలాంటి సీసాలు తాగేవాళ్లు తాగేయగా అరుదైపోయాయి. మిగిలిన వాటి ధర, బంగారం కొన్నవాళ్లు కూడా కుళ్లుకునేంత పెరిగింది. కిందటేడు ఆయన పోయాడు.

కూతురు పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఆమె మలిచిన పళ్లతో ఊళ్లో ఎందరో నవ్వుతున్నారు, పేరు మాత్రం యజమానికి. సొంత ల్యాబు కోసం వీధి మలుపులో ఓ గది చూసుకుంది. కిటికీ పెద్దది, పని బల్ల మీద పగలంతా వెలుతురు పడుతుంది. ఆ గది దక్కాలంటే సీసా అమ్ముడుపోవాలి.

వేలం సంస్థ ఆయన రానే వచ్చాడు. చేతులకి పల్చటి తొడుగులు వేసుకుని కూర్చున్నాడు. కూతురు వెళ్లి మెట్ల కింది అర తెరిచింది.

ఖాళీ.

"అమ్మా! సీసా ఏది?"

తల్లి తన గదిలోకి వెళ్లింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో ఉన్ని స్వెటర్ చుట్టిన సీసా ఉంది. పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

వచ్చినాయన స్వెటర్ విప్పి, చిన్న టార్చి వేసి చూశాడు. సీసా మెడ మీద బంకగా ఏదో కారి ఎండిపోయింది. బిరడా పైకి ఉబికింది.

"అమ్మగారూ, దీన్ని వేడిలో ఉంచారా?"

"నా మంచం పక్కనే ఉంచానండీ. హీటరుంటుంది కదా, చలి లేకుండా..."

ఆయన టార్చి ఆర్పేశాడు. "క్షమించండి. దీన్ని మేం వేలానికి తీసుకోలేం. లోపలున్నది కూడా ఇక ఎక్కువ కాలం నిలవదు. తెరిచేదుంటే ఈరోజే తెరవండి" అని చెప్పి, తొడుగులు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక కూతురు తల్లి వైపు తిరిగింది.

"హీటరెందుకమ్మా, సీసాకి కూడా మోకాళ్ల నొప్పులా? చల్లగా ఉండాలని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు!"

"చెప్పాడు. నేను విన్నాను."

"విని కూడానా?"

"ఆ చీకట్లో దాన్నొక్కదాన్నే వదిలేయబుద్ధి కాలేదే. ఆయన ఇన్నేళ్లు చేత్తో తడిమి చూసుకున్నది..."

"తోడు కావాలంటే నేను లేనా? నీకు సీసా తోడా?" అంది కూతురు. "నాన్న అది నాకిచ్చాడమ్మా. 'నీ ల్యాబుకి ఇదే పెట్టుబడి, నేనున్నా లేకపోయినా' అన్నాడు నాతో."

తల్లి నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

"నీకిచ్చాడా?"

"అవును."

"మరి నాతో... పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా 'ఇది మనిద్దరిదీ. ఇంకా మాగలేదు, కాస్త ఆగు' అనేవాడు. సీసా ఆగింది. నేనూ ఆగాను. ఆయనే ఆగలేదు."

కూతురికి కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఉన్నది ఒక్క సీసా. దాన్ని ఇద్దరికీ ఇచ్చి వెళ్లాడు ఆ మనిషి. కాదనడం చేతకానివాడు. అడిగిన ఇద్దరూ ఆయనకి కావలసినవాళ్లే మరి.

"నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"నువ్వు ఆ గది గురించి చెప్తుంటే నీ మొహం వెలిగిపోయేది. ఏం చెప్పను? అమ్మేలోపు కొన్నాళ్లు దగ్గరుంచుకుందామనుకున్నా. పాడవుతుందని తోచలేదే చిట్టీ."

కూతురు వంటగదిలోకి వెళ్లి, పదునైన కత్తి తెచ్చింది. బిరడా సగంలోనే పొడిపొడిగా విరిగింది. మిగతాది లోపలికి తోసి, పల్చటి గుడ్డలో వడగట్టి, రెండు గాజుగ్లాసుల్లో పోసింది. ఇటుకపొడి రంగు. నాలుక మీద పెడితే పులుపు, వగరు.

"బాగుందా?" అంది తల్లి.

"ఘోరంగా ఉంది."

తల్లి నవ్వబోయి, గ్లాసు మొహం దగ్గరికి తీసుకుని అలాగే ఉండిపోయింది. కళ్లు మూసుకుంది.

"ఏంటమ్మా?"

"మీ నాన్న చొక్కా..." అంది. "డ్యూటీ నుంచి వచ్చాక ఆయన చొక్కా ఇదే వాసనొచ్చేది. తడి చెక్క, మట్టి, ఏదో పండు. నేలమాళిగ కంపని తిట్టి, వచ్చీ రాగానే విప్పించి సబ్బునీళ్లలో ముంచేదాన్ని. అన్నీ ఉతికేశానే. ఒక్కటీ మిగల్చలేదు."

కూతురికి ఆ వాసన తెలియదు. తండ్రి వచ్చేసరికి ఆమె ఎప్పుడూ నిద్రపోయేది. లేచేసరికి ఆయన స్నానం చేసి, ఉతికిన బట్టల్లో కనిపించేవాడు.

"ఇప్పుడే కాస్త తగ్గినట్టుంది" అంది తల్లి కంగారుగా, గ్లాసు మీద చెయ్యి అడ్డం పెడుతూ. "పోతుందేమోనే."

కూతురు కుర్చీ లాక్కుని తల్లి భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఆమె వేళ్లను గ్లాసు మీంచి మెల్లగా జరిపింది.

"పోయేలోపు నన్నూ చూడనీ అమ్మా. నాన్న ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు."

రెండు తలలూ ఒకే గ్లాసు మీదికి వంగాయి.