ఏం కాలేదు

మాఘం దిగితే ఆర్మూర్‌లో ఎవరి చొక్కా చూసినా పచ్చగానే ఉంటుంది. పసుపు మార్కెట్ చుట్టూ ఉన్న వీధుల్లో దుమ్ము కూడా పచ్చదే. ఆ దుమ్ములోనే ఇరవై ఏళ్ళుగా అడ్తి దుకాణం పెట్టుకుని, కమిషన్ మీద రైతుల పసుపు అమ్మిపెడుతున్నాడు మధుకర్. రైతు తెచ్చిన పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరిచి, ఆ చప్పుడును బట్టి సరుకు ఎండిందో లేదో చెప్పేస్తాడు. అంత సన్నని చెవులున్న మనిషి సొంత ఇంట్లో చప్పుళ్ళు మాత్రం రెండేళ్ళు వినలేదు. వినపడలేదా, వినదలచుకోలేదా అంటే, నన్నడిగితే రెండోదే అంటాను.

ఇల్లు మార్కెట్ వెనక సందులో ఉంది. సగం ధరకే వచ్చింది. అంత చవకగా ఎందుకు వచ్చిందో బ్రోకర్ దాచలేదు. మధుకర్ అంతా విని, తలూపి, విననట్టే ఉండిపోయాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఇన్సూరెన్స్ ఫారంలో "ఈ ఇంట్లో గతంలో మంటలు, గాయాలు, నేరాలు ఏవైనా జరిగాయా?" అని అడిగిన చోట "లేదు" అని రాశాడు. కింద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. ఆ గుండ్రటి చేతిరాతంటే ఆయనకు మహా గర్వం.

జనవరిలో వంటింట్లో మంట లేచింది. గ్యాస్ కట్టేసే ఉంది. స్టవ్ మీద ఏమీ లేదు. అయినా గోడ వెంబడి మంట పాకుతూ వచ్చి, అక్కడే నిలబడి ఉన్న భార్య కావేరి ఎడమచేతిని మోచేతి దాకా కాల్చింది. ఆర్పిన తర్వాత గదంతా కిరసనాయిలు వాసన. ఆ ఇంట్లో ఏనాడూ కిరసనాయిలు లేదు.

నష్టపరిహారం కోసం కాగితాలు పెట్టుకుంటే, నెల తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. గత సంఘటనలు దాచిపెట్టినందుకు పాలసీ రద్దు చేశామని. ఇంటి నంబరు 6-12 కింద దొరికిన మూడు సంఘటనలు వరుసగా రాశారు. ఒకటి, వంటింట్లో మంటలు, ఇల్లాలు శాంతవ్వకు కాలిన గాయాలు. రెండు, కత్తిపీట మీద శాంతవ్వ వేళ్ళు తెగుట. మూడు, దక్షిణపు గుమ్మం దగ్గర గొడ్డలి వేట్లతో శాంతవ్వ మృతి.

నరికింది మొగుడు ముత్తెన్న. మొదటి రెండుసార్లూ అరుపులు విని చుట్టుపక్కలవాళ్ళు వస్తే, గుమ్మంలో నిలబడి "ఏం కాలేదు, పోండ్రి" అన్నాడు. వాళ్ళు పోయారు. మూడోసారి కూడా అదే మాట అన్నాడు, కాకపోతే చొక్కా నిండా నెత్తురుంది. జైల్లోనే చచ్చాడు. గొడ్డలి మాత్రం పోలీసులకు దొరకలేదు.

ఇక్కడొక ఆనవాయితీ ఉంది. ఇంట్లో ఎవరైనా చెడ్డచావు చస్తే, శవాన్ని ఏ గుమ్మం గుండా తీసుకుపోయారో ఆ గుమ్మాన్ని ఇటుకలతో మూసేస్తారు. చచ్చినవాళ్ళు తిరిగొచ్చినా దారి దొరకకూడదని. శాంతవ్వ బంధువులూ చుట్టుపక్కలవాళ్ళూ కలిసి దక్షిణపు గుమ్మం మూసి, తూర్పున కొత్త తలుపు పెట్టించారు. కొత్త తలుపుకు మునిసిపాలిటీ కొత్త నంబరిచ్చింది, 6-12/1 అని. మధుకర్ పట్టుకున్నది ఆ తోకనే. 6-12లో ఏం జరిగితే నాకేం, నా ఇల్లు 6-12/1, మీరు వేరే ఇంటి పాపం నా నెత్తిన రుద్దుతున్నారని ఫిర్యాదు రాశాడు.

కావేరి కంపెనీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"మొదటిది నాకు అయింది," అన్నది.

"మంట లేస్తే ఎవరికైనా చెయ్యి కాలుతది. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"పొయ్యి ముట్టియ్యలే. నువ్వు సుత చూసినవ్ కద."

మధుకర్ చెప్పులేసుకున్నాడు. ఫిర్యాదును రిజిస్టర్ పోస్టులో వేసి, ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. వెనక వసారాలో కావేరి తొక్కు పెట్టడానికి మామిడికాయలు కోస్తోంది. కత్తిపీట చప్పుడు ఒక లెక్కన వస్తోంది, టక్, టక్, టక్. తర్వాత వేరే చప్పుడు వచ్చింది. పుటుక్కుమని. ఎండిన కొమ్ము విరిగినట్టు. వెంటనే ఇంకొకటి.

ఆయన చెవులకు అదేమిటో తెలిసిపోయింది. చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాడు.

కావేరి అరవలేదు. కుడిచేతిని కళ్ళముందు పెట్టుకుని చూస్తోంది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ మామిడి ముక్కల మధ్య పడి ఉన్నాయి. గోడమీద నుంచి పక్కింటి వాళ్ళు ఏమైందని అడిగారు. మధుకర్ గుమ్మంలోకి వచ్చి చెయ్యూపాడు.

"ఏం కాలేదు, పోండ్రి."

దవాఖాన నుంచి వచ్చేటప్పుడు ఆటోలో కావేరి మెల్లగా చెప్పింది. "నా చెయ్యి నేను పెట్టలే. ఎవరో మణికట్టు పట్టి కత్తి కింద పెట్టిన్రు. మూడోది ఏందో నీకు ఎరుకనే. మోర్తాడ్ పోదాం. మా తమ్ముడు జగన్ దుబాయ్‌లనే ఉన్నడు, వాని ఇల్లు ఖాళీగనే ఉంది."

"ఇప్పుడు ఇల్లు ఇడిచిపెడితే తప్పు ఒప్పుకున్నట్టే. కంపెనీవాళ్ళ తనిఖీ అయ్యేదాక ఓపిక పట్టు. తర్వాత పోదాం."

ఈ ఒక్క మాటకు ఆయన్ని ఎంత తిట్టినా పాపం లేదు. గెలవాలనే పట్టుదల మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది. భార్య చేతికి కట్టు మీద కట్టు, ఆయన చేతిలో ఫైలు మీద ఫైలు.

ఎదురింటి భీమవ్వ ఒకరోజు ఆయన్ని సందులో ఆపింది. శాంతవ్వను ఎరిగిన ముసలమ్మ.

"బిడ్డా, గా దక్షిణం గోడ జోలికి పోకు. మేం తప్పు చేసినం."

"ఏం తప్పవ్వా?"

"పోలీసోళ్ళు తొందర పెట్టి పీనుగను వెనక దర్వాజకెళ్ళి తీసుకపోయిన్రు. మేం మాత్రం రివాజు రివాజే అని దక్షిణం దర్వాజ మూసినం. ఆమె గా గుమ్మంల పడి సచ్చింది, గా దారి పట్టి బయటికే పోలే. లోపల పెట్టి మూసినం బిడ్డా."

మధుకర్ నవ్వి ముందుకు నడిచాడు. కానీ ఆ రోజు నుంచి నడవాలో దక్షిణం వైపుకు వీపు పెట్టి నిలబడటం మానేశాడు.

మే నెల రెండో వారంలో తనిఖీకి పూర్ణిమ అనే ఆఫీసరు నిజామాబాద్ నుంచి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఎండకు సందులో కుక్క కూడా లేదు. కరెంటు పోయింది. కిటికీలన్నీ మూసి ఉండటంతో నడవా చీకటిగా ఉంది. పూర్ణిమ టేపు పట్టి బయటి గోడ కొలిచింది, లోపల కొలిచింది, మళ్ళీ కొలిచింది.

"బయట పద్నాలుగు అడుగులుంది మధుకర్ గారూ. లోపల పదే ఉంది. మిగతా నాలుగు అడుగులు ఎటు పోయినయి?"

"పాత గోడ మేడం. మందం ఎక్కువ."

"నాలుగు అడుగుల మందమా?" ఆమె గోడను వేలితో కొట్టింది. డొల్ల చప్పుడొచ్చింది. "ఇక్కడ తలుపు ఉండెనా?"

"లేదు."

"ఐతే అదే రాసివ్వండి. ఇక్కడ ఏ తలుపూ లేదు, ఏ సంఘటనా జరగలేదని. నేను అట్లనే రిపోర్టు పెడతా."

అదే కదా కావలసింది. మధుకర్ స్టూలు లాక్కుని కాగితం పెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో కావేరి వచ్చి నిలబడింది. వద్దన్నట్టు తలూపింది. ఆయన చూసీ చూడనట్టు రాశాడు. 'ఇక్కడ దక్షిణపు తలుపు లేదు.'

గోడ లోపలి నుంచి ఒక్క దెబ్బ వినపడింది.

పూర్ణిమ వెనక్కి జరిగింది. "ఎవరన్నా ఉన్నరా అటు?"

"ఎలుకలు మేడం." ఆయన చెయ్యి ఆగలేదు. 'ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ...'

కిరసనాయిలు వాసన వచ్చింది. దాని వెనకే మామిడి పులుపు వాసన, దాని వెనక పచ్చి నెత్తురు వాసన. గోడమీద సున్నం పెళ్ళలు రాలాయి. '...జరగలేదు.' కింద గుండ్రంగా సంతకం.

గోడ కూలింది.

ఇటుకలు లోపలి నుంచి తన్నినట్టు నడవాలోకి వచ్చి పడ్డాయి. ఒకటి పూర్ణిమ నుదుటికి తగిలింది. ఆమె నెత్తురు కారుతున్న ముఖంతో తూర్పు తలుపులోంచి బయటికి పరుగెత్తింది. వెనకే ఆ తలుపు దానంతట అదే మూసుకుపోయింది. దుమ్ము అణిగేసరికి అక్కడ పాత గడప ఉంది. పాత తలుపు చౌకట్టు ఉంది. చౌకట్టుకు తుప్పు పట్టిన రేకు, దాని మీద 6-12. గడప మీద గొడ్డలి. దాని పిడిని పట్టుకుని, చీకట్లోంచి ఒక చెయ్యి. మోచేతి దాకా కాలిన చెయ్యి. దానికి రెండు వేళ్ళు లేవు.

చెయ్యి గొడ్డలిని ముందుకు నెట్టింది. మధుకర్ దాన్ని అందుకోలేదు. ఆయన ప్రమాణం చేసి చెప్పేది ఇదే. అందుకోలేదు. కానీ గొడ్డలి ఆయన చేతుల్లో ఉంది.

"కావేరీ... ఉరుకు..."

ఆమె ఉరికేలోపు గొడ్డలి లేచింది. ఆయన చేతులే లేపాయి. మొదటి వేటు వంటింటి తలుపును చీల్చింది. రెండోది ఆమె భుజాన దిగింది. ఎముక తగిలింది. ఆమె గోడకు జారి కూలబడింది. చీర నల్లగా తడిసింది.

బయట సందులో మనుషులు పోగయ్యారు. "ఏమైంది? మధుకరన్నా, ఏమైంది?"

ఆయన నోరు తెరుచుకుంది. సాయం అడగాలనుకున్నాడు.

"ఏం కాలేదు, పోండ్రి."

గొంతు ఆయనది కాదు. బొంగురు గొంతు, బీడీలు తాగిన గొంతు. ఆ మాట నోట్లోంచి రాగానే చేతులు మళ్ళీ లేచాయి. ఈసారి వేటు కావేరి తలకు వేలెడంత పక్కన గోడలో దిగబడింది. జుట్టు తెగి ఒళ్ళో పడింది.

అప్పుడు చెవి దగ్గర ఎవరో గుసగుసగా అడిగారు. ఆడగొంతు. కోపం కూడా లేదు, అలిసిపోయిన గొంతు.

"చెప్పు... ఏమైంది?"

"ఏం..." నోరు పాత మాట వైపే పోతోంది. చేతులు గోడలోంచి గొడ్డలిని పీకుతున్నాయి. కావేరి కళ్ళు మూసుకోలేదు. ఆయన్నే చూస్తోంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. ఆ చూపుకు ఆయన గుండె పగిలింది. అదే ఆయన్ని కాపాడింది కూడా.

"అయింది," అన్నాడు. పళ్ళ మధ్య నుంచి, ఒక్కో అక్షరం పీక్కుంటూ. "ముత్తెన్న... కిరసనాయిలు పోసి... ముట్టిచ్చిండు. వేళ్ళు... కోసిండు. నరికిండు. నాకు ఎరుకనే. కొన్ననాడే ఎరుక."

గొడ్డలి ఆగింది.

"ఎవలు రాసిన్రు... ఏం కాలేదని?"

మధుకర్ ఏడుస్తున్నాడు. "నేనే. నేనే రాసిన."

ఆయన కుడిచెయ్యి పిడిని వదిలింది. తనంతట తానే పోయి స్టూలు మీద, సంతకం పెట్టిన కాగితం మీద, వేళ్ళు విడదీసుకుని ఆనుకుంది. గొడ్డలి ఎడమచేతిలో మిగిలింది. అది పైకి లేచింది. వద్దని అరిచాడు. తన చెవులు తనవి కాకపోతే బాగుండుననుకున్నాడు.

పుటుక్.

జనం తలుపు పగలగొట్టి వచ్చేసరికి నడవాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉన్నారు. దక్షిణపు గుమ్మం బార్లా తెరిచి ఉంది. గడప మీంచి బయటి మెట్ల దాకా తడి పాదాల గుర్తులు పోయాయి. వాటిని చూసి భీమవ్వ మాత్రం చేతులు జోడించింది. "పోయింది తల్లి," అన్నది.

కావేరి బతికింది. భుజం సరిగ్గా లేవదు, అంతే. వేటు ఎవరు వేశారని పోలీసులు అడిగారు. "రాసుకోండ్రి, నేను చెప్త. నా మొగడు వేసిండు, కానీ అది ఆయన కాదు," అన్నది. వాళ్ళు ఏం రాసుకున్నారో తెలియదు, మధుకర్‌ను మాత్రం పట్టుకుపోలేదు. వానలు మొదలయ్యే వేళకు ఇద్దరూ మోర్తాడ్‌లో జగన్ ఇంటికి చేరారు. మధుకర్ కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఎడమచేత్తో పేరు రాయడం బడిపిల్లాడిలా నేర్చుకుంటున్నాడు. ఇన్సూరెన్స్ ఊసెత్తలేదు, ఎవరికీ ఉత్తరం రాయలేదు. శాంతవ్వకు ఆర్మూర్‌లో దినం చేయించారు. కావేరి మళ్ళీ వంటింట్లోకి రావడం మొదలుపెట్టింది.

శ్రావణంలో ఒక ఉదయం పోస్టు వచ్చింది. కంపెనీ నుంచి.

'ఫిర్యాదును ఉపసంహరించుకుంటూ మీరు స్వయంగా రాసి పంపిన లేఖ అందినది. నకలు జతచేయడమైనది.'

మధుకర్ నకలు విప్పాడు. అన్నీ గుండ్రటి అక్షరాలు. కింద తన సంతకం, ఎప్పటిలాగే, తోక సాగదీసి. పైన తేదీ పోయిన వారానిది. జరిగిన సంఘటనలు ఒక్కొక్కటే వరుసగా రాసి ఉన్నాయి. శాంతవ్వవి మూడు. కావేరివి మూడు. తన వేళ్ళది ఒకటి.

ఎనిమిదో వరుసలో ఇంటి నంబరు ఒక్కటే ఉంది. అది 6-12 కాదు. ఆయన తలెత్తి, ఎదురుగా జగన్ ఇంటి చౌకట్టుకు కొట్టి ఉన్న రేకు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. అదే నంబరు.

పక్కన, ఏం జరిగిందో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. లోపల వంటింట్లో కావేరి పిలిచింది.

"ఏమయ్యా, గీ ఇంట్ల కిరసనాయిలు ఎక్కడిది?"