మిల్లుల సర్వర్ గది

జనగామ దాటి దేవరుప్పుల తొవ్వల ఒక పాత జిన్నింగు మిల్లు ఉన్నది. పత్తి ఆడక ఏండ్లయింది. పొద్దుగూకితె అటు బండ్లు గూడ ఆగయి. మిల్లు నడిచెటప్పుడు రామి అని ఒక కూలామె... కొంగు మిషన్ల చిక్కి, గండ్లనే పానం పోయింది. మిషను ఆపుమని అందరు మొత్తుకుంటె మేస్త్రి ఆపలేదట — లోడు ఆగుతదని! అప్పటిసంది చీకటి వడంగనే లోపట ఎవలో మూల్గుతరని పేరు.

గా మిల్లు ఆఫీసు గదిని ఒక ట్యూషన్ కంపెనీ కిరాయికి పట్టి, సర్వర్ వెట్టింది. కిరాయి సస్త మరి.

ఈ సంగతి నాకు నా దోస్తు దేవ్‌సింగ్ చెప్పిండు. ఆయన చెల్లె అనిత ఆ కంపెనీల పనికి చేరింది. డోర్నకల్ కాడి తండా వాళ్లది. కంప్యూటరు నౌకరి దొరికిందని తండా అంత సంబురపడ్డది. ఆమె సీనియర్ కుమార్‌కే కండ్లు మండినయి. "తండా పిల్ల సర్వర్ జూస్తదా?" అని నలుగుట్ల నవ్వెటోడు.

కంపెనీ సైటు ఒక్కటే. దాని పేరు ముందట ఊరి పేరు వెడితె ఊరికొక సైటు — జనగామకొకటి, మానుకోటకొకటి, భూపాలపల్లికొకటి. మూడింటికి కలిపి, సైటును నడిపే పీహెచ్‌పీ సెట్టింగు ఒకటే ఉండె. జనగామది పాత వెర్షన్ మీదనే నడుస్తది, భూపాలపల్లిదానికి కొత్తది గావాలె. ఒకదానికోసం మారిస్తె ఇంకోటి పడిపోవుడు.

"దేనిది దానికి ఏరు చెయ్యి. పొద్దుగాల పిల్లల పరీక్ష ఉన్నది," అన్నడు ఓనరు.

అనిత ఒక్కతే కూసున్నది. చీకటి వడ్డది. ఒకదాంట్ల ఏం రాసినా ఇంకోదానికి అంటకుంట, మూడింటి నడుమ గోడలు కట్టినట్టు ఏరు చేసింది. ఇంగ పోదామని జనగామ సైటు ఒక్కపారి తెరిచింది.

పేజి మీద, అన్నిటికన్న పైన —

"నా కొంగు ఇడిపియ్యి."

సైటు కోడ్ అంత ఎతికింది. గా మాట ఏడ లేదు. మళ్ల తెరిచింది... ఉన్నది. భూపాలపల్లి సైటు తెరిచింది.

అండ్ల గూడ — "నా కొంగు ఇడిపియ్యి."

ఫోటో తీసి అన్నకు పంపింది. "అన్నా, జల్ది రా." గంతే... లైట్లు పోయినయి.

ఉరికింది. తలుపు కాడ చున్ని ఎవలో గుంజినట్టయింది. గుంజుకుంటె ఇంకింత బిగిసింది. ఎన్కకు జూడకుంట ఒక్క ఊపున గుంజి... లోడు దించే అరుగు మీదినుంచి బండల మీద పడ్డది.

చున్ని తట్టుకున్నది మేకుకు. దేవ్‌సింగ్ వచ్చి జూసెటాళ్లకు ఊపిరున్నది. నడుం ఇరిగింది. లేసుడు లేదు, మాట లేదు.

దవాఖానకు కుమార్ వచ్చిండు. దేవ్‌సింగ్ కాళ్లు వట్టుకున్నడు.

"తమాషకు చేసిన అన్నా... బయట నిలవడి, ఫోన్‌లకెల్లి రాసిన. జనగామ సెట్టింగుల ఒక్క లైను — ఏ పేజి తెరిచినా ముందుగాల నా ఫైలే నడువాలె అని. కరెంటు మెయిన్ బంద్ చేసింది గూడ నేనే. ఆమె పడుడు జూసి... ఉరికిన."

దేవ్‌సింగ్ ఫోన్ తీసి ఫోటో జూపెట్టిండు.

కుమార్ చూసిండు.

"ఇది... జనగామది గాదు. భూపాలపల్లిది."

"అయితె?"

"అండ్ల నేను రాయలే అన్నా! జనగామల రాసింది గండ్లకు పోదు... ఆమెనే ఏరు చేసింది గద."

ఓనరుకు తెలిసి, బయటికెల్లి సర్వర్ ముట్టుకునుడు బంద్ వెట్టిండు. "రాసినోనివి నువ్వే పోయి తుడువు," అని పిల్లలు సైటు ఇడిచినంక, రాత్రి కుమార్‌నే గా గదికి తోలిండు. మనుషులు కుమార్‌ను మతి నిలిచి, సోయిల జూసుడు గదే ఆఖరు.

"బయట గొళ్లెం వెట్టింది నేనే," అన్నడు దేవ్‌సింగ్, నా దిక్కు జూడకుంట.

నేను ఉలిక్కిపడ్డ. "లోపట ఇంకెవలన్న ఉండిరా?"

"ఎవ్వలు లేరు. వాడొక్కడే. తలుపు కొట్టిండు, మొత్తుకున్నడు. జరసేపటికి... గొంతులు రెండైనయి. రెండోది ఆడామెది."

బీడి కింద పడేసి కాలుతోని నలిపిండు.

"అప్పుడు గూడ నేను తియ్యలే."