నక్క కింద నీడ

ఆ రాయి పక్కకి జరిగిందేమో. లేకపోతే కంప్యూటర్ ఆటలో నక్క ప్రతిసారీ గుంటలో ఎందుకు పడుతుంది? పోయిన సెలవుల్లో కబుర్లు చెబుతూనే దాన్ని ఈ రాళ్ల మీద దూకించేది అక్క. అప్పుడు పక్కన స్టూలు మీద తమ్ముడుండేవాడు. "ఇప్పుడు! దూకు!" అని చెవిలో అరిచేవాడు. చెవి మూసుకుని విసుక్కునేది. ఇప్పుడు ఆ స్టూలు మీద ఉతికిన బట్టలున్నాయి. అరిచేవాళ్లు లేరు.

నక్క మళ్లీ పడింది.

తమ్ముడు పక్క గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడి ఎడమ కన్ను బలహీనంగా ఉంది. దానికి పని పెట్టడానికి, రోజూ కాసేపు కుడి కంటికి పట్టీ వేయమన్నారు డాక్టర్. వేయకపోతే ఆ కన్ను అలాగే ఉండిపోతుందట.

పొద్దున పట్టీతోనే వాడు జగ్గు ఎత్తి నీళ్లు వంచాడు. నీళ్లు గ్లాసు పక్కన పడ్డాయి.

"ఏరా, టేబుల్‌కి దాహమేసిందా?" అని అక్క పడీ పడీ నవ్వింది.

వాడు పట్టీ పీకేశాడు. అమ్మ ఎంత బతిమాలినా మళ్లీ పెట్టుకోలేదు.

'అంత పెద్ద మాటేం కాదు కదా' అనుకుంది అక్క. పొద్దుటి నుంచీ అదే అనుకుంటోంది.

బట్టలు మడత పెట్టడానికి వచ్చిన అమ్మ, తెర వైపు చూసింది.

"నక్క కింద నీడ ఏదే?"

"సెట్టింగ్స్‌లో తీసేశాను. కంప్యూటర్ నత్తలా నడుస్తోందని. ఇప్పుడు చూడు, ఎలా పరుగెడుతోందో!"

"పరుగెత్తి గుంటలో పడుతోంది." అమ్మ నవ్వింది. "తెర పలకలాంటిదే తల్లీ. అందులో దగ్గరా దూరమూ ఎక్కడివి? దూరపు కొండల్ని వెలిసిపోయినట్టు వేస్తారు, దగ్గరి చెట్టుని పెద్దగా వేస్తారు. మన కన్ను నమ్మేస్తుంది. గాల్లో ఉన్న నక్క ఎక్కడ దిగుతుందో మాత్రం నీడే చెప్పాలి. చిన్నప్పుడు నేను ఇలాంటివి టీవీలో ఆడేటప్పుడు మీ మామయ్య నీడ మీద వేలు పెట్టి, 'ఇక్కడే అక్కా, ఇక్కడే' అనేవాడు. టీవీ నిండా వాడి వేలిముద్రలే. తుడవలేక అమ్మమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది."

అమ్మ చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

అక్క తెర వైపు చూసింది. రాయి ఉన్నచోటే ఉంది. తను చూస్తూనే ఉంది. అయినా ఎంత దూరమో తెలియలేదు.

తమ్ముడిలా ఒక కన్ను మూసుకుంది. చేయి చాచి, పెన్నుకి మూత పెట్టబోయింది. మూత పక్కకి పోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పక్కకే. ఎవరూ నవ్వలేదు.

లేచి పక్క గదిలోకి వెళ్లింది.

"నవ్వడానికొచ్చావా?" గోడ వైపే చూస్తూ అడిగాడు తమ్ముడు.

"దాహమేస్తోంది. నీళ్లు పొయ్యవా?"

"నువ్వే పోసుకో."

"నువ్వు పోస్తేనే తాగుతా. పట్టీ పెట్టుకుని."

"కింద పోతాయి."

"పోతే నా చేతి మీదే పోతాయిలే."

వాడు ఇటు తిరిగి, అక్క మొహం చాలాసేపు చూశాడు. పిడికిలి విప్పాడు. నలిగిన పట్టీ అందులోనే ఉంది. అమ్మ కొత్తది తెచ్చి అంటించింది.

టేబుల్ దగ్గర వాడు రెండు చేతులా జగ్గు ఎత్తాడు. జగ్గు మూతి గాల్లో తడబడింది. ముందుకి, వెనక్కి.

అక్క గ్లాసు అంచు మీద వేలు పెట్టింది.

"ఇక్కడేరా," అంది.