శుభ్రమైన చేతులు

"ముఠా ఆ డిజైన్ కోసమే వస్తుంది. దాని మీద చెయ్యి వేశాక పట్టుకో. అంతవరకూ ఆ తండ్రీకూతుళ్ళకి ఒక్క ముక్క తెలియకూడదు," అన్నాడు చీఫ్.

"వాళ్ళ ప్రాణాలకి ముప్పేమో సార్?"

"అందుకేగా నిన్ను పంపుతోంది!"

ఏజెంట్ సూటు విప్పి, మెకానిక్ వేషంలో ఆ షెడ్డులో చేరాడు. చొక్కా గుండీలో కెమెరా, చెవి వెనక చిన్న వైర్‌లెస్.

షెడ్డు ఒక ఇంజినీరుది. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి కొంతే. ఆయన డిక్కీలో సిలిండర్ పెట్టి, అందులో గాలిని కుక్కి నింపాడు. ఎర్ర బటన్ నొక్కితే ఆ గాలి ఇంజిన్‌లోకి దూసుకుపోతుంది. పెట్రోలు మరింత మండి, కారు ఒక్క ఉదుటున దూకుతుంది. ఆ గాలిని వదిలే వాల్వ్ డిజైన్ కోసమే పరాయి దేశపు ముఠా కాచుకుని ఉంది.

ఇంజినీరు ఏజెంట్‌ని "ఒరేయ్ తమ్ముడూ" అని పిలిచేవాడు. టెస్ట్ డ్రైవర్ ఆయన కూతురే. ఆ వరసన ఆమెకి అతను బాబాయ్.

"నట్టు బిగించడం రాదు, నీకు పిల్లనెవరిస్తారు బాబాయ్!" అని ఏడిపించేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతను తల వంచుకుని లేని మురికి తుడిచేవాడు.

సాయంగా 'నెమలి' అనే కోడ్‌పేరున్న ఆమెని తెచ్చిందీ అతనే. డిపార్ట్‌మెంట్ మొత్తంలో అందగత్తె, మూడేళ్ళుగా తనతో పనిచేసిన ఏజెంట్. గ్యాస్ కంపెనీ సేల్స్ ఆఫీసర్ వేషం వేసింది. "నాకు బాగా తెలిసినావిడే, నమ్మొచ్చు," అని ఇంజినీరుకి చెప్పాడు.

టెస్ట్ రోజు పొద్దున్నే నెమలి కొత్త సిలిండర్ తెచ్చింది.

"గాలి ఎటు వీస్తోంది?" గొంతు తగ్గించి అడిగాడు ఏజెంట్.

"ఎటూ లేదు," అంది. ముఠా జాడ లేదని ఆ కోడ్‌కి అర్థం.

తర్వాత ఆమె సబ్బు అడిగి తీసుకుంది. చేతులు రెండుసార్లు కడుక్కుని, కొత్త గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని, అప్పుడు సిలిండర్‌కి గొట్టం బిగించింది.

"ఆపరేషన్ థియేటర్‌కా అక్కా?" అంది కూతురు. అందరూ నవ్వారు. ఆ షెడ్డులో పనయ్యాకే తప్ప ముందెవరూ చేతులు కడగరు. ఏజెంట్ కూడా నవ్వాడు.

కారు ట్రాక్ మీదికి వెళ్ళి గీత దగ్గర ఆగింది. కూతురు స్టీరింగ్ ముందు, తండ్రి పక్క సీట్లో. ఏజెంట్ తన జిడ్డు చేతులు చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

నూనె చేతులతో ముట్టకూడని సిలిండర్ ఒకటుంది. ఆక్సిజన్. నూనె తగిలితే భగ్గుమంటుంది. ఆ కారు గొట్టాల నిండా నూనె జిడ్డే. బటన్ నొక్కితే పేలిపోతుంది. అంటే నెమలి ముఠా మనిషే, డిజైన్ వాళ్ళకి ఎప్పుడో చేరిపోయింది. ఇక మిగిలింది దాన్ని తయారుచేసిన మనిషిని లేకుండా చెయ్యడమే.

పరుగెత్తాడు. సిలిండర్ మూత తిప్పి కట్టేద్దామంటే తన చేతులకే గ్రీజు. కేకేస్తే ఇంజిన్ హోరులో వినపడదు. కిటికీలోంచి సగం లోపలికి దూరి, బటన్ మీదికి దిగుతున్న బొటనవేలిని పట్టి మెలితిప్పాడు.

"అమ్మో, నా వేలు! పిచ్చా బాబాయ్?"

"దిగండి! అందులో ఉన్నది గాలి కాదు!"

అతను కేకేయగానే గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు నెమలిని పట్టుకున్నారు. ఆమె అందంగా నవ్వింది. "ఈ గేటు తీయించింది నువ్వేగా!"

అతను తండ్రీకూతుళ్ళకి దాచకుండా అంతా చెప్పేశాడు. ఇంజినీరు మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు.

"ముఠా సంగతి నీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు."

ఆయన కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "సరేనండీ. మీరిక వెళ్ళొచ్చు."

ఒరేయ్ అన్న నోటితో అండీ అన్నాడు. కూతురు వాచిన వేలు ఊదుకుంటూ, అసలేమని పిలవాలో తెలియనట్టు ముఖం తిప్పుకుంది.

చెవి వెనక చీఫ్ గొంతు పలికింది. "శభాష్! మెడల్‌కి నీ పేరు పంపిస్తున్నా."

"మెడల్ వద్దు సార్," అన్నాడు ఏజెంట్. "బెణుకు మందు ఒక సీసా పంపండి. వేలికైనా పనిచేస్తుంది."