గురువారం వంట ఎవరిది

"ఈ బిళ్ళ ఎవరు తిప్పారు?"

మంగళవారం ఉదయం ఆరూ ముప్పావుకి, హాల్వర్సన్ల వంటింట్లో మారిట్ ఈ మాట అడగడం మూడోసారి. మూడోసారికి ఆమె గొంతు పెరగలేదు, తగ్గింది. మారిట్ గొంతు తగ్గిందంటే ఇంట్లోవాళ్ళంతా ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని గోడవైపు జరుగుతారు.

డిష్‌వాషర్ తలుపు మీద ఒక అయస్కాంతపు బిళ్ళ ఉంటుంది. ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు. నీలం కనిపిస్తే లోపల కడిగిన గిన్నెలు. ఎరుపు కనిపిస్తే ఎంగిలివి. యంత్రం నడిపినవాళ్ళు నీలానికి తిప్పాలి, ఖాళీ చేసినవాళ్ళు ఎరుపుకి తిప్పాలి. ఇంతకన్నా తేలికైన నియమం డులూత్ ఊరు మొత్తంలో ఏ ఇంట్లోనూ ఉండదని మారిట్ నమ్మకం.

ఆ ఉదయం బిళ్ళ నీలంగా ఉంది. నిన్న యంత్రం ఎవరూ నడపలేదు. ఆమె తమ్ముడు ఆండర్స్ బిళ్ళ చూశాడు, ఎంగిలి పళ్ళేలన్నీ తీసి అల్మారాలో వరసగా సర్దేశాడు.

"ఒరేయ్, దీనికి గుడ్డుసొన ఎండిపోయి అంటుకుని ఉంది. చేత్తో పట్టుకున్నావు. కనిపించలేదూ?"

"బిళ్ళని నమ్మమన్నావు. కళ్ళని నమ్మమని చెప్పలేదు," అన్నాడు ఆండర్స్. పదిహేడేళ్ళ వయసులో ఎదురు మాట వెతుక్కోనక్కర్లేదు, అదే వస్తుంది.

తండ్రి రోల్ఫ్ తన కప్పులోకి తొంగిచూశాడు. ఆయన ఎలక్ట్రీషియన్. ఇళ్ళన్నిటికీ దీపాలు వెలిగిస్తాడు గాని కప్పు కడిగి ఉందో లేదో చూసుకోడు. "నా కాఫీలో కోకో రుచి ఎందుకొచ్చిందా అనుకుంటున్నా. బాగానే ఉంది."

"నాన్నా, నవ్వకు."

"నేను నవ్వలేదే."

"మీసం కింద నవ్వావు."

తల్లి జాయిస్ అప్పటికే కోటు వేసుకుని తాళాలు వెతుక్కుంటోంది. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. "నేను ఐదింటికి లేచాను, నా కళ్ళు ఇంకా లేవలేదు. నన్నడక్కు తల్లీ."

పదమూడేళ్ళ చెల్లెలు కిర్‌స్టెన్ మాత్రం గిన్నెలోంచి తల ఎత్తలేదు. "నిన్న వెస్ వచ్చాడుగా," అంది పాలల్లోకి చూస్తూ. "తనే కదా ఆ తలుపు తుడిచింది."

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. బూట్ల మంచు దులుపుకుంటూ వెస్ కంగాస్ లోపలికొచ్చాడు. తెల్లవారకముందు నుంచీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి, కాఫీ ఆశతో వచ్చినవాడు. ఆ మొహంలో నిద్ర లేదు, అపాయం పసిగట్టే తెలివీ లేదు.

"అందరికీ శుభోద..."

"నువ్వేనా?"

"ఏమిటి నేను?"

మారిట్ పళ్ళెం చూపించింది. బిళ్ళ చూపించింది. తలుపు తుడిచేటప్పుడు బిళ్ళ కిందపడి ఉంటుందని, తీసి తిరగేసి పెట్టేసి ఉంటాడని తానే తేల్చి చెప్పింది.

వెస్ కొంచెం ఆలోచించాడు. "అయ్యుండొచ్చు. గుర్తు లేదు. సాయం చేద్దామని తుడిచాను."

"నువ్వు సాయం చేసినప్పుడల్లా నాకు రెండు పనులు పెరుగుతాయి."

"మారిట్, అది బిళ్ళ."

"అది బిళ్ళ కాదు! ఐదుగురు మనుషులు, మూడు ఉద్యోగాలు, రెండు హాకీ జట్లు, ఒక్క వంటిల్లు. అది ఒక్కటి తిరగబడితే పొద్దున్నే ఇల్లంతా తిరగబడుతుంది. చూస్తున్నావుగా!"

ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. బస్సు వేళయిందని ఒకరు, బడి వేళయిందని ఇద్దరు. రోల్ఫ్ మాత్రం ఏ వేళా కాకుండానే వెళ్ళిపోయాడు.

మారిట్‌కి ఇరవై ఏడు. పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల వెనక కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ సమయాలు కేటాయిస్తుంది. మూడేళ్ళ కిందట తల్లికి మోకాలి ఆపరేషన్ అయితే ఆరు వారాల కోసమని తన అద్దెగది వదిలి ఇంటికొచ్చింది. వచ్చిన రెండోవారమే ఒక సంగతి జరిగింది. జనవరి చలిలో కిర్‌స్టెన్ హాకీ ఆడే ఐస్ రింక్ బయట గంటన్నర నిలబడిపోయింది. నాన్న కారులో తెస్తాడని ఆండర్స్, ఆండర్స్ నడిపించుకొస్తాడని నాన్న. మారిట్ వెళ్ళేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి, ఏడవడానికి కూడా నోరు కదల్లేదు.

ఆ రోజు నుంచి ఫ్రిజ్ మీద పట్టిక వెలిసింది. మనిషికో బట్టల బుట్ట, బుట్టకో రోజు. పాలు ఎవరు ఖాళీ చేస్తే వాళ్ళే జాబితాలో 'పాలు' అని రాయాలి. తాళాలు గుమ్మం పక్క గిన్నెలోనే. భోజనం అయ్యాక గడియారం పెట్టి పది నిమిషాలు అందరూ కలిసి సర్దడం. ఆరు వారాలు మూడేళ్ళయ్యాయి.

ఆ మూడేళ్ళ మధ్యలోనే వెస్ ఆమె జీవితంలోకి వచ్చాడు. పెళ్ళి చేసుకుందామని రెండుసార్లు అడిగాడు. మొదటిసారి "హాకీ సీజన్ అయిపోనీ" అంది. రెండోసారి "బడులు తెరవనీ" అంది.

ఇప్పుడు వెస్ కళ్ళు ఫ్రిజ్ మీదికి వెళ్ళాయి. కొత్త కాగితం. పైన పెద్ద అక్షరాలతో: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు.

"సెప్టెంబరా?" అన్నాడు.

"అవును."

"గ్రాండ్ మరేలో నాకు పైమెట్టు ఉద్యోగం ఇస్తామన్నారు. వెళతానో లేదో వచ్చే సోమవారంకల్లా చెప్పాలి. నీకు పది రోజుల కిందట చెప్పాను."

"గుర్తుంది."

"అది ఇక్కణ్ణుంచి రెండు గంటల దారి. రోజూ వచ్చి వీళ్ళ గిన్నెలు లెక్క చూడలేవు. ఆలోచిస్తానన్నావు. ఆలోచించి ఇది రాశావా? సెప్టెంబరు దాకా ఎవరు బంగాళాదుంపలు తొక్కతీయాలో!"

"అరిచే ముందు చదువు."

"చదివాను! సెప్టెంబరు అని ఉంది!"

"మొత్తం చదువు వెస్."

"ఈ ఇంటి రాతలు చదివీ చదివీ నా కళ్ళు కాయలు కాశాయి. ఒక్కదాంట్లోనైనా నా పేరుందా?"

"అదా నీ బాధ!"

"అదే నా బాధ!"

కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. వెనక తలుపు గట్టిగా వేద్దామనుకున్నాడు గాని కింద మంచుగడ్డ అడ్డుపడి అది మూసుకోలేదు. రెండుసార్లు లాగి, వదిలేసి పోయాడు. టోపీ కొక్కేనికే ఉండిపోయింది.

మారిట్ ఎంగిలి పళ్ళేలు మళ్ళీ డిష్‌వాషర్‌లో పెట్టబోయింది. చెయ్యి సగంలో ఆగింది. పళ్ళేలన్నీ బల్ల మీద దొంతరగా పెట్టి, పైన చీటీ పెట్టింది: 'ఆండర్స్, ఇది నీ పని.'

ఆ వారమంతా ఇంట్లో అందరికీ అందరి మీదా కోపమే. బుధవారం ఆండర్స్ తన బుట్ట ఉతుక్కోలేదు. గురువారం తడి చెమట చొక్కాతోనే ఆటకి వెళ్ళాడు. "ఉతికి పెడితే నీ సొమ్మేం పోయింది?" అని అక్క మీద అరిచాడు. మారిట్ మెట్ల మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుంది. ఆ చేతులు ఉతికే యంత్రం వైపు ఎంతగా లాగాయో ఆమెకే తెలుసు.

గురువారం వంట రోల్ఫ్‌ది. మాంసం మీద బంగాళాదుంపలు పేర్చి ఓవెన్‌లో కాల్చే హాట్‌డిష్ మాడ్చాడు. పైన బంగాళాదుంపలు నల్లబడ్డ ఆ ట్రే బల్ల మీద ధన్‌మని పెట్టి, "నన్ను వండమన్నావు. ఏం వండాలో కూడా నువ్వే రాశావు. వాలై చేప వేయిస్తానంటే వాసనంటావు," అని గొణిగాడు.

"ఇంట్లో చేప వేగితే నా కోట్లు వారం కంపు కొడతాయి నాన్నా."

"ఈ ఇంట్లో కోట్లకున్న విలువ నాకు లేదు."

శనివారం మంచూ వానా కలిసి కురిసింది. నాలుగింటికి కిర్‌స్టెన్‌ని రింక్ నుంచి తేవలసింది రోల్ఫ్. నాలుగుంబావుకి మారిట్ కిటికీలోంచి చూసింది, ఆయన వ్యాన్ లేదు. నాలుగున్నరకీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తనకి తాను పెట్టుకున్న నియమం ఒకటుంది. అది మరిచిపోయి, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా కారెక్కింది.

రింక్ బయట ఎవరూ లేరు. లోపల కోచ్ సామాను సర్దుకుంటోంది. "మీ అమ్మ వచ్చి తీసుకెళ్ళిందిగా! మీ నాన్నకి పని ఆలస్యమై ఆవిడకి చెప్పాడట. నాలుగు గంటల రెండు నిమిషాలకి వచ్చింది."

మారిట్ బయటికొచ్చి నిలబడింది. వెళ్ళలేనివాళ్ళు తామే ఇంకొకర్ని పంపాలి. అది తను రాసిన నియమమే. వాళ్ళు పాటించారు. తనకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. సంతోషించాలి. కాని కోపంతో కళ్ళు మండాయి.

కారు నిలిపేచోట పెద్ద బండి ఒకటి మంచు కరగడానికి ఉప్పు చల్లుకుంటూ వస్తోంది. ఆగింది. వెస్ దిగాడు, టోపీ లేని నెత్తిమీద వాన పడుతుంటే.

"కోపంగా ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను."

"నా మీదా?"

"నీ మీద కూడా."

"నాకూ ఉంది. చేతులు ఇలా ఇవ్వు." తన చేతి తొడుగులు ఊడదీసి ఆమె చేతులకి విసురుగా తొడిగాడు. అవి ఆమెకి మోచేతి దాకా వచ్చాయి. "ఇవి ప్రేమతో కాదు. నీ వేళ్ళు పడిపోతే రేపట్నుంచి పట్టికలు నన్ను రాయమంటావు."

నవ్వు రాబోయింది. మారిట్ దాన్ని పళ్ళ మధ్యే పట్టి ఆపింది. "రేపు మధ్యాహ్నం భోజనానికి రా."

"ఎందుకు?"

"నీ టోపీ మా ఇంట్లో ఉంది."

"టోపీ కోసమా?"

"టోపీ కోసమే," అని ఆమె కారెక్కింది, ఆ తొడుగులతోనే.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మాంసం, క్యారెట్లు, జాయిస్ చేసిన రొట్టెలు. వెస్ టోపీ తీసుకుని పోదామని వచ్చాడు గాని జాయిస్ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "నువ్వు లేచి నిలబడితే గ్రేవీ చల్లారిపోతుంది బాబూ," అంది. అదేం లెక్కో ఎవరూ అడగలేదు.

"హాల్వర్సన్ గారూ, రేపు ఫోన్ చేస్తున్నాను. వెళతానని చెప్పేస్తాను," అన్నాడు వెస్ పళ్ళెంలోకి చూస్తూ. "ఒక్కణ్ణే."

మారిట్ క్యారెట్‌ని కత్తితో చాలా సన్నగా కోసింది.

"పాలు తెస్తావా వెస్," అంది. "ఫ్రిజ్‌లో ఉన్నాయి."

అతను లేచాడు. ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ కాగితం సరిగ్గా అతని ముక్కుకి ఎదురుగా ఉంది. ఈసారి చదివాడు. సోమవారం, జాయిస్. మంగళవారం, ఆండర్స్. గురువారం, రోల్ఫ్. వేలు పెట్టి ఏప్రిల్ అంతా చదివాడు, మే చదివాడు. పక్కన పాత కాగితం ఇంకా వేలాడుతోంది, మార్చి రెండోవారం నుంచి. అదీ చదివాడు.

"మారిట్," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నీ పేరేది?"

రోల్ఫ్ ఫోర్కు దించాడు. ఆండర్స్ లేచి వెళ్ళి చూశాడు. "నిజమే! అక్క పేరెక్కడా లేదు!"

"మూడు వారాలయింది లేక," అంది మారిట్. "ఇంట్లో ఒక్క పూట కూడా నేను వండలేదు. ఒక్క బుట్ట ఉతకలేదు. రింక్‌కి వెళ్ళలేదు. నిన్న తప్ప, అదీ అనవసరంగానే. మీరు తిట్టుకుంటూనే అన్నీ చేశారు."

"మూడు వారాలా!" వెస్ పాల సీసాతోనే ఇటు తిరిగాడు. "నాకు చెప్పలేదు! మంగళవారం నేను అన్నేసి మాటలంటుంటే..."

"రోజూ ఆ తలుపు తెరిచి మా పాలు తాగుతావు. ఒక్కరోజు చదవలేకపోయావా? నీకు చెబితే సాయంత్రానికి వీళ్ళకి తెలిసిపోతుంది. తెలిస్తే వీళ్ళు మూడు వారాలు మంచిగా నటిస్తారు. నాకు నటన అక్కర్లేదు. నేను లేకపోయినా ఈ పిల్ల చలిలో నిలబడదని తెలియాలి."

"నేను చూశాను," అంది ఆ పిల్ల.

అందరూ కిర్‌స్టెన్ వైపు తిరిగారు. ఆమె మొహం ఎర్రబడి ఉంది.

"మొదటి రోజే చూశాను, నీ పేరు లేదని. అందుకే బిళ్ళ తిప్పాను. వెస్ కాదు, నేను. అంతా పాడైతే నువ్వు వెళ్ళవనుకున్నాను." చేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఆండర్స్ అంత బుద్ధిలేనివాడని నాకేం తెలుసు, నిజంగా అల్మారాలో సర్దేస్తాడని!"

"ఏయ్!" అన్నాడు ఆండర్స్.

మారిట్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. చెల్లెలి దగ్గరికి వెళ్ళి, పట్టరాని కోపంతో ఆమె నెత్తిమీద ముద్దు పెట్టింది. "నీ వల్ల నేను ఇతన్ని ఎన్ని మాటలన్నానో తెలుసా? వెళ్ళి క్షమాపణ చెప్పు. ఆ తర్వాత బిళ్ళ పని నీదే. ఎప్పటికీ."

తర్వాత అలాగే నిలబడి, అందరికీ వినిపించేలా చెప్పింది. "మే ఆఖరి శనివారం పెళ్ళి. జూన్ ఒకటికి గ్రాండ్ మరే వెళ్ళిపోతాను. ఇది అడగడం కాదు, చెప్పడం."

"పెళ్ళా?" అన్నాడు వెస్. సీసా వంగి పాలు బూటు మీద పడుతున్నా తెలియలేదు. "నన్ను అడగనే లేదు!"

"నువ్వు రెండుసార్లు అడిగావు. రెండింటికీ కలిపి ఇదే జవాబు. ముందు ఆ సీసా నిలబెట్టు."

సీసా నిలబెట్టాడు. మొహం మాత్రం నిలబెట్టుకోలేకపోయాడు, అది చెవుల దాకా నవ్వేసింది.

జాయిస్ రుమాలుతో ముక్కు తుడుచుకుంది. ఇక అందరూ రోల్ఫ్ వైపు చూశారు. ఆయన ఫ్రిజ్ వైపు చూస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, దవడ మాత్రం గట్టిగా బిగించుకున్నాడు.

"అంటే గురువారం వంట ఇక నాదే," అన్నాడు.

"నీదే నాన్నా."

"నువ్వు ఉండవు."

"ఉండను."

రోల్ఫ్ ఫోర్కు తీసి నీళ్ళ గ్లాసు మీద రెండుసార్లు కొట్టాడు, అక్కడికేదో పెద్ద విందు జరుగుతున్నట్టు.

"అందరూ వినండి. జూన్ నుంచి ప్రతి గురువారం ఈ ఇంట్లో వాలై చేప వేగుతుంది. తలుపులన్నీ మూసి మరీ వేయిస్తాను. రెండు గంటల దారిలో ఎవరికైనా ఆ వాసన తగిలితే, వెంటనే కారెక్కి భోజనానికి వచ్చేయాలి." వెస్ వైపు ఫోర్కు చూపించాడు. "ఇద్దరూ."